ఎడమ చక్రం ప్యాడ్

ఆయన సమాధి మీద మట్టి తడి ఆరకముందే పెద్దగారింటి నుంచి కృతజ్ఞతా కూడికకు పిలుపు వచ్చింది. ఏటా వచ్చే పిలుపే. మా సంఘ పెద్దగారి అబ్బాయి కారు ప్రమాదం నుంచి ప్రాణాలతో బయటపడిన రోజును తలచుకుని వాళ్ళింట్లో ప్రార్థన పెట్టుకుంటారు. పాటలు, సాక్ష్యాలు, ఆ తర్వాత భోజనాలు. ఇది మూడో ఏడు. పిలవడానికి వచ్చిన పెద్దమ్మగారు మా స్పేర్ పార్టుల కొట్టు మెట్ల మీదే నిలబడి, "బ్రేకుల మేస్త్రి పోనాడట గదమ్మా, పాపం. మావోడి కాలు ఇరగడానికి ఆడే కారణమైనా మేవేటీ అన్నేదు. దేవుడు ఆడి తప్పు సెమించాలి" అంది.

"ఆమెన్" అన్నాను నేను.

అలవాటు కొద్దీ వచ్చేసిన మాట. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయాక గానీ నేనేమన్నానో నాకే తెలియలేదు.  ఆయన తప్పేమీ లేదని తెలిసిన మనిషిని ఈ కాశీబుగ్గలో నేనే.

ఊళ్ళో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. బ్రేకుల మేస్త్రి అంటే చాలు. నేను మావా అనేదాన్ని. హైవే పక్కన రేకుల షెడ్డులో పని. ఇంజను జోలికి వెళ్ళేవాడు కాదు, గేరుబాక్సు ముట్టుకునేవాడు కాదు. ఎవరైనా బతిమాలితే, "బండిని ఉరికించడానికి ఊళ్ళో శానామంది ఉన్నారు. నాను ఆపడానికున్నాను" అనేవాడు.

ఆయన కుడి చెప్పు ఎప్పుడూ ఎడమ చెప్పు కన్నా ముందు అరిగిపోయేది. బస్సెక్కితే డ్రైవరు వెనక సీటు కావాలి. ముందు గేదె అడ్డొచ్చినా, ఆటో తిరిగినా, ఆయన కుడికాలు బస్సు నేలను బలంగా తొక్కేది. టెక్కలి వెళ్ళి వచ్చేసరికి పిక్క పట్టేసేదని చెప్పేవాడు. చర్చిలోనూ అంతే. ప్రసంగం సాగుతున్న కొద్దీ ఆ కాలు మెల్లగా నేల మీద బిగుసుకునేది. పక్కనున్నవాళ్ళు నవ్వాపుకోలేక, "ఏటి మావా, అయ్యగారు ఆగట్లేదని బ్రేకేత్తన్నావా?" అని గొణిగేవాళ్ళు.

"ఏత్తన్నాన్రా. పట్టట్లేదు" అనేవాడు ముఖంలో నవ్వు కనబడనీయకుండా.

శనివారం సాయంత్రం కిరసనాయిలుతో, ఆ పైన బూడిదతో, ఆ పైన బట్టల సబ్బుతో చేతులు తోముకునేవాడు. అయినా గోళ్ళ అంచుల్లో నలుపు పోయేది కాదు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం వస్తే తన వేళ్ళతో తీసుకునేవాడు కాదు. అరచెయ్యి చాపితే పక్కాయన ఒక ముక్క తీసి అందులో వెయ్యాలి. ప్రభువుకు అభ్యంతరం ఉండదు మావా అని ఒకసారి అన్నాను. "ఆయనకి నేదులే. నా ఎనకాల తినేవోళ్ళకి గ్రీజు రుసి తగుల్తాది" అన్నాడు.

మా ఆయన పోయినప్పుడు ఈ కొట్టు నా మీద పడింది. నేను బడి ముఖం ఎరగను. టెక్కలి దగ్గర మా ఊళ్ళో మా నాన్న సువార్త చెప్పుకుంటూ తిరిగేవాడు. అమ్మ మంచం పట్టడంతో తమ్ముళ్ళ పని నాకొచ్చింది. రాత్రి దీపం దగ్గర నాన్నే అక్షరాలు దిద్దించాడు. బైబిలు, కీర్తనల పుస్తకం, అవే నా వాచకాలు. తెలుగు ఎంతటిదైనా చదువుతాను. కానీ ఈ కొట్టులో అట్టపెట్టెల మీద ఉన్నదంతా ఇంగ్లీషు. ఏ పెట్టెలో ఏముందో తెలియక, అడిగినవాళ్ళకు లేదని చెప్పి పంపేస్తూ మొదటి పది రోజులు గడిపాను. కొట్టు గది పెద్దగారిదే. నడపలేకపోతే ఖాళీ చెయ్యమంటారని దిగులు.

పదకొండో రోజు మావ వచ్చి బల్ల ఎదురుగా కూర్చున్నాడు. ఒక పెట్టె చేతికిచ్చి, "దీని మీద ఉన్నది గట్టిగా సదువు" అన్నాడు. రాదన్నాను. "కీర్తనలు ఒప్పసెప్తావా? ఇదీ అలగే. నాను సెప్తాను, నువ్వను" అన్నాడు. అక్షరం వెంట అక్షరం, అంకె వెంట అంకె, పార్టు నంబర్లన్నీ నాచేత వల్లె వేయించాడు. నెల తిరిగేసరికి వాటిని చూసి చదవడం వచ్చింది. ఇవాళ నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ కుర్చీలో కూర్చున్న మనిషి వల్ల.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఒకరోజు తలకు నూనె రాసుకున్న చేత్తోనే బ్రేక్ ప్యాడు తీసి ఇవ్వబోయాను. లాక్కుని, ప్యాడు నల్లటి వైపును తన చొక్కాకు తుడిచి, "మనిసిని సంపేత్తావేటే?" అని అరిచాడు. కొట్టులో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి తగ్గాడు. నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇది సక్రం కాడ ఇనప పళ్ళేన్ని పట్టుకుని ఆపుతాది. దీని మీద నూనె బొట్టు పడిందా, ఇంక పట్టదు, జారిపోద్ది. తుడిసినా పోదు, లోనకి పీల్సీసుకుంటాది. ఇంకోటి సెప్పనా? దీని లోపల కూడా నూనే ఉన్నాది. మన జీడితొక్క నూనె."

నమ్మలేదు నేను. పలాసలో జీడిపప్పు తీసేశాక మిగిలే తొక్కల నుంచి నూనె తీస్తారని తెలుసు. అది చేతికి తగిలితే చర్మం కాలి ఊడొస్తుందని తెలుసు. ఆ నూనె ఎక్కడెక్కడి ఫ్యాక్టరీలకో వెళ్ళి, గట్టిపడి, పొడై, ఈ నల్లబిళ్ళలో కలిసి వస్తుందని ఆయన చెబితేనే తెలిసింది. ఆయన తల్లి బతికినంతకాలం జీడిగింజలు కొట్టింది. ఆవిడ వేళ్ళ మీద గీతలుండేవి కావట. "రేషను కాడ ఏలిముద్ర పడేది కాదు మా యమ్మకి. ఆ గీతలన్నీ ఇందులోకి పోనాయి" అని ప్యాడును గోటితో టక్కుమనిపించాడు. "లోపలున్న నూనె ఆపుతాది. పైనున్న నూనె జారుత్తాది. మర్సిపోకు."

మర్చిపోలేదు. అదే కదా బాధ.

నాకు ప్రతిదానికీ స్తోత్రం అనడం అలవాటు. పార్సిలు వస్తే స్తోత్రం, కరెంటు వస్తే స్తోత్రం. మావ ఎగతాళి చేసేవాడు. ఒకసారి విశాఖ నుంచి సామాను దించిన బస్సు వెళ్ళిపోయాక కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని దేవునికి వందనాలు చెప్పాను. కళ్ళు తెరిచేసరికి ఆయన నావైపే చూస్తున్నాడు.

"పెట్టెలు దింపినోడు డ్రైవరు. ఆడికి గ్లాసుడు మంచినీళ్ళిచ్చినావా?"

"లేదు మావా. తొందరలో ఉన్నాడు."

"అదే మరి. దేవుడికైతే కూకున్నకాడే సెప్పీవొచ్చు. మనిసికి సెప్పాలంటే లెగాలి పాపా."

ఆ మాట మీద అప్పుడు నవ్వాను.

పెద్దగారికి కాశీబుగ్గలో జీడి యూనిట్లున్నాయి. వాళ్ళబ్బాయి విశాఖలో ఎవరో వాడి అమ్మిన స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. పసుపు రంగు, రెండే తలుపులు, నేలను అంటుకుని ఉండేది. స్పీడు బ్రేకరు వస్తే కడుపు రాసుకునేది. "బల్లికి సక్రాలెట్టినట్టున్నాది" అని రిక్షావాళ్ళు నవ్వేవాళ్ళు. నెల తిరక్కుండానే ముందు చక్రాల దగ్గర కీచుమని ఇనుము ఇనుముకు రాసుకునే చప్పుడు మొదలైంది. పాత యజమాని ప్యాడ్లను పూర్తిగా అరగదీసి అమ్మేశాడు.

అలాంటి కారుకు ప్యాడ్లు మా దగ్గర ఎక్కడుంటాయి? పాత ప్యాడు కొలతలు చూసి మావ నంబర్లు చెప్పాడు, నేను విశాఖకు ఫోను చేశాను. మూడు రకాలు పంపారు, నచ్చినవి ఉంచుకుని మిగతావి తిప్పి పంపమని. ఆ మధ్యాహ్నం మావ సబ్బుతో చేతులు కడుక్కుని, నాచేతా కడిగించి, మూడు రకాలూ బల్ల మీద వరసగా పరిచాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టాడు. వాసన చూశాడు. వెలుతురుకు ఎత్తి అంచులు చూశాడు. నగల కొట్టులో కూడా అంత శ్రద్ధగా చూసేవాళ్ళను నేను చూడలేదు.

మొదటిది చవకరకం. రెండు వేళ్ళతో పక్కకు జరిపేశాడు. మిగిలినవాటిలో ఒకటి ఎర్రరంగు వేసినది, పందేల కార్లకు వాడేది. ఇంకోటి ఆ కారు చేసిన కంపెనీదే, మామూలు నల్లది. అబ్బాయి ఫోనులో ఏదో చూపిస్తూ ఎర్రదానికోసం పట్టుబట్టాడు.

"మావా, ఇది వెయ్యి. రేసుల్లో ఇదే వాడతారు."

"రేసుల్లో వాడ్తారు బాబూ, కాదన్లేదు. ఇది ఏడెక్కితేగాని పట్టదు. సల్లగున్నప్పుడు తొక్కితే కర్రముక్కే."

"నేను స్పీడుగా వెళ్తాను కదా. వేడెక్కుతుంది."

"ఎక్కడెల్తావు స్పీడుగా? రైలు గేటు కాడ పావుగంట ఆగుతావు. గేటు తీసీసరికి గేదెలొత్తాయి. ఆ తరవాత సంత. నువ్వు బావనపాడు సముద్రం కాడికి ఎల్లీ దాకా అది సల్లగానే ఉంటాది. అక్కడ ఉప్పుగాలి. తెల్లారీసరికి పళ్ళేనికి తుప్పు పడతాది. ఈ నల్లదైతే మొదటి తొక్కుడికే పట్టుకుంటాది."

"అవి ముసలోళ్ళ ప్యాడ్లు మావా!"

"అందుకే గదా బాబూ ఆళ్ళు ముసలోళ్ళయ్యీ దాకా బతికినారు."

కొట్టులో నలుగురూ నవ్వారు. అబ్బాయికి ముఖం ఎర్రబడింది. "సరే, వెయ్యి. రేపేదైనా అయితే మాత్రం బాధ్యత నీదే" అన్నాడు.

"నాదే" అన్నాడు మావ. అందరి ముందూ అన్నాడు.

శనివారం బిగించాడు. ఆ సాయంత్రం తనే కారు తీసుకుని ఉద్దానం రోడ్డు మీద, కొబ్బరితోటల మధ్య, కొంచెం దూరం వెళ్ళడం ఆపడం, వెళ్ళడం ఆపడం, ముప్పై సార్లు చేశాడు. కొత్త ప్యాడు పళ్ళేనికి అలవాటు పడాలట. తిరిగొచ్చి, "పట్టింది" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత తృప్తి ఉందో నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దగారి వాకిట్లో కారుకు ప్రార్థన పెట్టారు. మావను పిలిస్తే, బట్టలు బాగులేవని తప్పించుకుపోయాడు. మా నాన్న కాలంలో బండ్లకు నూనె రాయడం మా సంఘంలో లేదు. పెద్ద సభలకు బయటినుంచి వచ్చే ప్రసంగీకుల దగ్గర్నుంచి అంటుకున్న అలవాటు. మా పాస్టరు అయ్యగారు చిన్న సీసాలో మల్లెపూల అత్తరు కలిపిన ఒలీవ నూనె ఉంచుకుంటారు. ప్రార్థించి, కారు ముందు రేకుకూ స్టీరింగుకూ తనే రాశారు. అప్పుడు పెద్దమ్మగారు నా వైపు తిరిగి, "సక్రాలకి నువ్వు రాయమ్మా. నీ సేతి ప్రార్దన మంచిది" అంది.

అంతమందిలో నన్ను పిలిచింది. బడికెళ్ళని దాన్ని, వాళ్ళ గదిలో కొట్టు పెట్టుకుని బతికేదాన్ని. పొంగిపోయాను. సీసా తీసుకుని ఎడమవైపు ముందు చక్రం దగ్గర మోకాళ్ళూనాను. మామూలు కార్ల చక్రాలు మూసి ఉంటాయి. దీని చక్రం సన్నటి వేళ్ళలా విడివిడిగా ఉండి, వాటి వెనక ఇనప పళ్ళెం తళతళలాడుతూ కనిపించింది. చేత్తో అద్దాల్సింది. ఆనందంలో సీసానే వంచాను. నూనె ఆ వేళ్ళ సందుల్లోంచి లోపలికి కారింది. పళ్ళెం మీద జారడం చూశాను.

అవును, చూశాను. మావ మాట ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఇది ప్రార్థించిన నూనె, దీనివల్ల ఏం కీడు జరుగుతుంది అనుకున్నాను. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నేనూ మూసుకున్నాను. మిగతా చక్రాలకు సీసాలో ఏమీ మిగల్లేదు. ఉత్త చేత్తో తాకి లేచాను.

సాయంత్రమే అబ్బాయి భావనపాడు బయల్దేరాడు. తొక్కినప్పుడల్లా బండి కొంచెం కుడికి లాగుతున్నట్టు అనిపించిందట. కొత్తవి కదా అనుకున్నాడట. నౌపడ దాటాక ఉప్పుమడుల మలుపులో మేక అడ్డొచ్చి గట్టిగా తొక్కేసరికి కారు పూర్తిగా కుడికి తిరిగి, గట్టు దాటి, మడిలో పడింది. మోకాలు పొడిపొడి అయింది. ప్రాణం మిగిలింది. దేవునికి స్తోత్రం, ఆ మాట ఇప్పటికీ మనసారా అంటాను.

మర్నాడు పొద్దున్నే మావ బస్సులో వెళ్ళి, ఉప్పునీళ్ళల్లో దిగి, ఎడమ చక్రం విప్పి ప్యాడు తీసుకున్నాడు. అక్కణ్ణుంచి నేరుగా మా కొట్టుకు వచ్చాడు. మోకాళ్ళ దాకా ఉప్పు ఎండి తెల్లగా ఉంది. బల్ల మీద గుడ్డ విప్పాడు. కొట్టంతా మల్లెపూల వాసన వేసింది.

చాలాసేపు ప్యాడు వైపే చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"పాపా, నిన్న ప్రార్దన బాగా జరిగినాదా?"

"జరిగింది మావా. దేవుని దయవల్ల."

ఇంకో మాట కోసం ఆగాడు. బజార్లో ఆటోలు వెళ్తున్నాయి. నేను బల్ల మీద అట్టపెట్టెల నంబర్లు చదువుతున్నాను. ఆయన నేర్పిన నంబర్లే.

"అయితే సరే" అని గుడ్డ మూట కట్టుకుని దిగి వెళ్ళిపోయాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

ఆ రోజే ఆసుపత్రి వరండాలో పదిమంది ముందు పెద్దగారు ఆయన్ని నిలదీశారు. "మావోడు సెప్పిన రకం ఎందుకెయ్యనేదు నువ్వు?" అని. మావ తల వంచుకుని, "నా ఎంపికే తప్పు బాబూ. బాబు అడిగినయ్యే ఎయ్యాల్సింది" అన్నాడట. ముప్పై ఏళ్ళలో ఒక ప్యాడు విషయంలోనూ తగ్గని మనిషి. అక్కడున్నవాళ్ళు వచ్చి నాకు చెప్పారు. "పోనీలే, ఒప్పుకున్నాడు" అని కూడా అన్నారు.

ఆ తర్వాత షెడ్డు ముందు బండి ఆగలేదు. ఆయన మీదే నమ్మకం పెట్టుకున్న లారీవాళ్ళు కూడా ఆగలేదు. కొన్నాళ్ళు చూసి షెడ్డు మూసి, ఉద్దానంలో తన ఊరు వెళ్ళిపోయి, ఇంటి ముందు సైకిళ్ళకు బ్రేకు రబ్బర్లు వేసుకున్నాడు. ఆదివారం మాత్రం బస్సెక్కి వచ్చేవాడు. వెనక బెంచీలో, తలుపు పక్కన.

మొదటి ఏడు కృతజ్ఞతా కూడికకు పెద్దగారు ఆయన్నీ పిలిచారు. పెద్ద మనసు అన్నారందరూ. పెద్దమ్మగారు సాక్ష్యం చెప్పింది. ఒక మనిషి అజ్ఞానం వల్ల మరణం వచ్చింది, ప్రభువు అడ్డుకున్నాడు అని. మావ కింద చాప మీద కూర్చుని వింటున్నాడు. నేను ఆయన కుడికాలి వైపు చూశాను. అది కదల్లేదు. ఎంతసేపు సాగినా, ఆవిడ ఎంత దూరం వెళ్ళినా, ఆ కాలు ఒక్కసారి కూడా నేలను తొక్కలేదు. రెండో ఏడూ అంతే. రెండుసార్లూ అందరితో పాటు నేను ఆమెన్ అన్నాను. రెండుసార్లూ ఆయన భోజనం చేసి, ఆకు తీసి, పెద్దగారికి దండం పెట్టి వెళ్ళాడు.

ఆ మీదట ఉద్దానంలో ఇంటింటికీ వచ్చే కిడ్నీ జబ్బే ఆయనకూ వచ్చింది. పలాసలో డయాలసిస్ మంచం మీద ఒకసారి చూశాను. రక్తం గొట్టాల్లో తిరుగుతోంది. "సూడు పాపా, బ్రేకులకి లాగే నాకూ గొట్టాలేసినారు. లోన గాలి తియ్యడం మర్సిపోతే బ్రేకు పట్టదని సెప్పినాను ఈ పిల్లకి" అని నర్సును చూపించి నవ్వాడు. మావా, ఆ రోజు నూనె, అని నేను మొదలుపెట్టాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "కొట్టు ఎలాగున్నాది?" అన్నాడు. బాగుందన్నాను. "అదే కావాలి" అని కళ్ళు మూసుకున్నాడు.

మళ్ళీ చూసింది శవపెట్టెలోనే.

ఈ ఏడు కూడికకు వెళ్ళాను. పెద్దమ్మగారు ఎప్పటిలాగే సాక్ష్యం చెప్పింది. ఆవిడ ముగించాక అయ్యగారు, "ఇంకెవరైనా కృతజ్ఞతలు చెల్లిస్తారా?" అన్నారు. నేను కుర్చీలోంచి లేచాను.  మేస్త్రి వేసిన ప్యాడ్లు మంచివే, నూనె పోసి చెడగొట్టింది నేను, ఆయనకు తెలిసీ నన్ను చెప్పలేదు, తెలిసీ నేను నోరు విప్పలేదు. ఇంతే చెప్పాను. వెళ్ళగొడతారనుకున్నాను. కొట్టు తాళం కొంగున ముడివేసుకునే వెళ్ళాను, అడిగితే అక్కడే ఇచ్చేద్దామని.

 అబ్బాయి ఒక్కడూ కర్ర ఊతంగా ముందుకు వంగి, "అంటే ఆయన ఎంపిక కరెక్టేనా అక్కా?" అన్నాడు. "నువ్వూరుకోరా" అంది వాళ్ళమ్మ. అయ్యగారు చిరునవ్వుతో లేచారు. "మన అక్కగారి హృదయం చూడండి. పోయినవాడి తప్పును కూడా తన మీద వేసుకుంటున్నారు. కానీ అమ్మా, ప్రార్థించిన నూనె కీడు చెయ్యదు. అలా మాట్లాడకూడదు. అది విశ్వాసం కాదు."

ఆ రోజు చక్రం దగ్గర నేననుకున్న మాటే. అర్థంలో రవ్వంత తేడా లేదు.

"అయ్యగారూ, నేను చూశాను" అన్నాను.

"ఊరుకోమ్మా. మేస్త్రే ఒప్పుకున్నాడు గదా తన తప్పని" అన్నారు పెద్దగారు, ఎంతో దయగా. పాట ఎత్తుకున్నారు. తర్వాత ఆకులు వేశారు. పెద్దమ్మగారు స్వయంగా నాకు కూర వడ్డించి, "ఎంత మంచిదానివమ్మా" అంది. తాళం కొంగునే ఉంది. మూడేళ్ళు నేను భయపడింది ఏదీ జరగలేదు. జరిగేది కూడా కాదు. మొదటి రోజే నేను లేచి చెప్పినా నా కొట్టు నాకుండేది, నూనెకు మచ్చ అంటేది కాదు, ఆయన్ని మాత్రం ఎవరూ నమ్మేవాళ్ళు కాదేమో. కానీ ఆయన పక్కన ఒక మనిషి నిలబడి ఉండేది. 

మర్నాడు ఉద్దానం బస్సెక్కాను. వాళ్ళావిడ వాకిట్లో కూర్చుని జీడిగింజలు కొడుతోంది, చేతులకు బూడిద రాసుకుని. నేను చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి ఎత్తింది.

"నాకు తెల్సు. ఆ పొద్దే సెప్పినాడు. ఆ పిల్లకి ఆ కొట్టు తప్ప ఏటుందే, నాకైతే సేతులున్నాయి గదా, అన్నాడు."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. ఇంకో గింజ రాయి మీద పెట్టి కొట్టింది.

"ఆదివారం బస్సు దిగి ఇంటికొచ్చినప్పుడల్లా అడిగీదాన్ని. ఆ పిల్ల ఏటైనా అన్నాదేటి అని. అన్నేదు అనీవోడు. మూడేళ్ళు అడిగినాను."

"నన్ను క్షమించు అత్తా."

"నాను సెమిత్తే ఏటవుద్ది? ఆడి పేరు పట్టుకెళ్ళి బజార్లో పారేసినారు. ఏరుకొచ్చి ఇయ్యగలవా?" అంది. గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళి ఒక గుడ్డమూట తెచ్చి నా పక్కన పెట్టింది. "దీన్ని పెద్దగారికి సూపెడతానంటే ఒద్దని ఒల్లకోమన్నాడు. నాకెందుకింక. నీదే ఇది."

ఆ ప్యాడు ఇప్పుడు మా కొట్టులో అద్దాల బల్ల కింద, కొత్త ప్యాడ్ల మధ్య ఉంది. "ఏటక్కా, పాతదెట్టినావు?" అని అడుగుతారు. అడిగిన ప్రతివాళ్ళకూ మొదటినుంచి చివరిదాకా చెబుతాను. వింటారు. కొందరు జాలిపడతారు. "పోనీలే అక్కా, నువ్వు కావాలని సేసినావేటి" అని, కొనాల్సింది కొనుక్కుని వెళ్తారు. ఒక ముసలి లారీ డ్రైవరు మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, గోటితో తట్టి చూసి, "మంచి ప్యాడే" అన్నాడు. ఇంతవరకూ ఆ ఒక్కడే.

దానికి ఇంకా మల్లెపూల వాసన ఉందో లేదో ఇతరులకు తెలియదు. నాకు వస్తుంది. పొద్దున్న కొట్టు తెరిచి, సబ్బుతో చేతులు కడుక్కుని, ప్రార్థనకు ముందు దాన్నొకసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఆ తర్వాత స్తోత్రం అనే మాట రావడానికి చాలాసేపు పడుతుంది.